నాన్న గురించి పదహారు పేజీలు: స్మృతి పుస్తకం తయారు చేసుకునే పద్ధతి

నాన్న పోయిన పదకొండో రోజున మైకు నా చేతికిచ్చారు. "మా నాన్న చాలా మంచివారు, అందరికీ సాయం చేసేవారు" అన్నాను. ఆ తర్వాత మాట పెగల్లేదు. విశాఖపట్నం పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా పనిచేస్తూ, కంచరపాలెంలో ముప్పై ఏళ్ళపాటు ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు నిలబడిన మనిషి గురించి కూతురిగా నేను చెప్పగలిగింది రెండే ముక్కలు. ఆ బాధతోనే సంవత్సరీకం నాటికి పదహారు పేజీల చిన్న పుస్తకం తయారు చేశాను. అది ఎలా చేశానో, ఎక్కడ పొరపాటు పడ్డానో రాస్తున్నాను. ఇంట్లో ఇలాంటి పెద్దదిక్కును పోగొట్టుకున్నవారికి ఉపయోగపడుతుంది.

పరామర్శకు వచ్చేవారితోనే పని మొదలుపెట్టండి. ఆ పది రోజుల్లో వచ్చినంతమంది మళ్ళీ ఒకచోటికి రారు. గుమ్మం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టి, ఇంట్లో కాస్త నిబ్బరంగా ఉన్న పిల్లలెవరికైనా ఆ పని అప్పగించండి. వచ్చినవారి పేరు, ఊరు, ఫోను నంబరు, ఆయనతో పరిచయం ఎలా కలిగిందో ఒక్క వాక్యం చాలు. నేను ఆ పని చేయలేదు. పెందుర్తి నుంచి వచ్చానన్న ఒకాయన ఫొటో ముందు చాలాసేపు చేతులు జోడించి నిలబడి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. పేరు ఎవరూ అడగలేదు.

తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడగాలి. "మా నాన్న ఎలాంటివారు?" అని మాత్రం అడగవద్దు. "దేవుడమ్మా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "మొదటిసారి ఎక్కడ చూశారు? అప్పుడు ఆయన చేతిలో ఏముంది?" అని అడగండి. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర టీ అమ్మే ఒక పెద్దాయనను అలాగే అడిగాను. "ఫ్లాస్కు ఉండేదమ్మా. రక్తమిచ్చి బయటికి వచ్చిన పిల్లలకు టీ పోసి, కాసేపు కూర్చోబెట్టి, కళ్ళు తిరగడం లేదని నమ్మకం కుదిరాకే పంపేవారు" అన్నారు. ఆ ఫ్లాస్కు మా వంటింటి అటక మీద ఉంది. అది ఊరంతా తిరిగిందని నాకు అప్పుడే తెలిసింది. ఇలాంటి మాటలను అనుమతి తీసుకుని ఫోనులో రికార్డు చేసి, ఆ రాత్రే కాగితం మీద పెట్టండి. నాలుగు రోజులు ఆగితే వాళ్ళ మాట పోయి మన మాట మిగులుతుంది.

ఇక వస్తువులు. నాన్న దగ్గర అట్ట ఊడిపోయిన లావుపాటి డైరీ ఒకటి ఉండేది. ఒక్కో గ్రూపుకు కొన్ని పేజీలు: రక్తదాత పేరు, వీధి, ఫోను, చివరిసారి ఇచ్చిన తేదీ, దాని పక్కన మళ్ళీ ఇవ్వగలిగే తేదీ. మగవారు మళ్ళీ రక్తం ఇవ్వడానికి కనీసం మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి కాబట్టి ఆ లెక్క వేసుకునేవారు. ఓ నెగటివ్ పేజీలో పదకొండు పేర్లే ఉన్నాయి. వాటిలో ఒకదాని కింద పెన్సిలుతో "రాత్రి పిలవకూడదు, పసిబిడ్డ ఉంది" అని రాసి ఉంది. పుస్తకం కోసం రాసుకున్న "దయామయుడు" అనే మాట తీసేసి ఆ పేజీ ఫొటో వేశాను. పేర్లు, నంబర్లు కనబడకుండా కప్పేశాను.

విన్నదంతా రాసేయకండి, సరిచూసుకోండి. ఉద్యోగం తేదీలకు పింఛను కాగితాలు చాలు. జ్ఞాపకాల సంగతే చిక్కు. హుద్‌హుద్ గురించి ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఒకరు ఆ హోరుగాలిలోనే నాన్న కూలిన చెట్లు నరికి దారి చేశారన్నారు. ఆ తుపాను 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే గడప దాటే వీలెక్కడిది? అమ్మను అడిగితే అసలు సంగతి తెలిసింది. మర్నాడు తెల్లవారకముందే బయటికి వెళ్ళారట. కరెంటు లేక మోటార్లు ఆగిపోయాయి, వీధి చివరి చేతిపంపే దిక్కు. నాన్న అక్కడ బిందెలు వరుసగా పెట్టించి, బాలింతలున్న ఇళ్ళకు ముందు నీళ్ళు మోయించారు. గొడ్డలి కథ వినసొంపుగా ఉంది. నేను బిందెల సంగతే రాశాను.

ఇంటి మనిషిగా ఆయనను రాయడం నాకు అన్నిటికంటే కష్టమైంది. రోజూ చేసేవి సంఘటనలుగా గుర్తుండవు. అందుకని ఒక ఆదివారాన్ని పొద్దుటి నుంచి గంటల వారీగా రాసుకున్నాను. ఆరింటికి ఫిషింగ్ హార్బర్, సంచిలో నెత్తళ్ళు. పెరట్లో పీట వేసుకుని ఒక్కొక్కదాని తల తుంచి, మూడు నీళ్ళు కడిగి, "ఇక నీదే ఆలస్యం" అని గిన్నె అమ్మకు అందించేవారు. ఆ ఒక్క పేజీ చదివి మా తమ్ముడు ఏడ్చాడు.

అమ్మ మాట తప్పకుండా ఉండాలి. ఊరికి సేవ చేసినవారి స్మృతి పుస్తకాల్లో భార్య పేరు చివర "శోకతప్త హృదయాలతో" కింద మాత్రమే కనబడుతుంది. అది అన్యాయం. ఆయన అర్ధరాత్రి బయల్దేరితే గడియ వేసుకుని తెల్లవార్లూ మేలుకున్నది ఆవిడే. సింహాచలం గిరి ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్లు. మాధవధార చేరేసరికి భక్తుల కాళ్ళు బొబ్బలెక్కుతాయి. అక్కడ ఆషాఢ పౌర్ణమికి నాన్న మజ్జిగ పందిరి వేసేవారు. "నీకు టైఫాయిడ్ వచ్చిన ఏడాది కూడా పందిరి దగ్గరే ఉన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. రాయి, ఫరవాలేదు" అంది అమ్మ. రాశాను.

రాయకూడనివీ ఉన్నాయి. నాన్న ఎవరి పిల్లలకు ఫీజు కట్టారో ఇప్పుడు నాకు తెలుసు. వారు తమంతట తాము చెబితే తప్ప ఆ పేర్లు అచ్చులోకి రాకూడదు. ఆయన గుట్టుగా చేసింది మనం బయటపెట్టకూడదు.

పాత ఫొటోలను ఆల్బమ్ నుంచి పీకవద్దు, చిరుగుతాయి. పగటిపూట కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీస్తే సరిపోతుంది. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పెద్దవాళ్ళు ఉండగానే రాయించుకోండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి. పదహారు అనుకుని రాస్తే తూకం తప్పదు. పెద్దవాళ్ళు చదువుతారు కాబట్టి అక్షరాలు పెద్దవిగా వేయించండి. అచ్చుకు ఇచ్చే ముందు మొత్తం ఒకసారి ఇంట్లోవాళ్ళకు పైకి చదివి వినిపించండి. అమ్మ రెండుచోట్ల "ఆయన అలా అనరు" అంది. ఆ రెండూ మార్చాను.

చివరి రెండు పేజీలు ఖాళీగా ఉంచి, సంవత్సరీకం రోజున పుస్తకంతోపాటు పెన్నులు కూడా ఇచ్చాను. ఒక ప్రతిని దిద్దుబాట్ల కోసం విడిగా దాచుకోండి. నా ప్రతిలో ఇప్పటికి పద్నాలుగు దిద్దుబాట్లు చేరాయి. పెందుర్తి నుంచి వచ్చినాయన పేరు ఇంకా తెలియలేదు. ఆ చోట గీత గీసి ఖాళీ వదిలాను.