పాత ట్రయల్స్ బైకు ఎవరెవరి చేతులు మారిందో కనిపెట్టడం ఎలా

బ్రిటన్‌లో 1965కి ముందు తయారైన ట్రయల్స్ బైకు (రాళ్లు, బురద దారుల్లో కాలు నేలకి ఆనించకుండా నడిపే పోటీల బండి) కొన్నవాళ్లు చాలామంది నంబర్ ప్లేటు పట్టుకుని వెతుకులాట మొదలుపెడతారు. దారి తప్పేది అక్కడే. ఫ్యాక్టరీ జట్ల బళ్లలో ఫ్రేమ్ మారినా, ఇంజన్ మారినా, పాత ప్లేటే తీసి కొత్తదానికి బిగించిన సందర్భాలున్నాయి. వెతకాల్సింది ఫ్రేమ్ చరిత్ర. ప్లేటు దానికి తోడు సాక్ష్యం మాత్రమే.

ముందు ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ పెన్సిల్ ప్రింట్ తీయండి, అంటే అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. నంబరు మీద రంగు పొరలుంటే గీకకండి, పెయింట్ రిమూవర్ రాసి మెత్తగా తుడవండి. తర్వాత టార్చి పక్క నుంచి వేసి చూడండి. 3, 8 లాగానో, 1, 7 లాగానో కనబడుతుంటే తేడా నీడలో తెలిసిపోతుంది. అంకెలున్న చోటు చుట్టుపక్కల లోహం కన్నా పల్లంగా ఉన్నా, అడ్డంగా ఆకురాయి గీతలున్నా, పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టారేమోనని అనుమానించాల్సిందే.

ఆ ప్రింట్లతో ఫ్యాక్టరీ డిస్పాచ్ రికార్డు, అంటే బండి ఫ్యాక్టరీ నుంచి బయటికి పంపిన లెక్క, అడగాలి. చాలా బ్రిటిష్ కంపెనీల పుస్తకాలు వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ లైబ్రరీలో ఉన్నాయి. ఏజేఎస్, మ్యాచ్‌లెస్ బళ్లకైతే వాటి ఓనర్స్ క్లబ్‌ని అడగాలి. రికార్డులో మోడల్, పంపిన తేదీ, ఏ డీలరుకు వెళ్లిందీ ఉంటాయి. కొన్నవాడి పేరు మాత్రం సాధారణంగా దొరకదు. అయినా డీలరు ఊరు తెలిస్తే తర్వాతి మెట్టు దొరికినట్టే.

ఇప్పుడు ప్లేటు సంగతి. మూడక్షరాల పాత నంబర్లలో చివరి రెండక్షరాలు బండి ఎక్కడ రిజిస్టరైందో చెబుతాయి. ఓవీ అంటే బర్మింగ్‌హామ్, ఎన్‌పీ అంటే వూస్టర్‌షైర్, హెచ్‌ఓ అంటే హాంప్‌షైర్. పేరున్న ట్రయల్స్ రైడర్లలో సామీ మిల్లర్ ఏరియల్ హెచ్‌టీ5 మీది జీఓవీ 132, జానీ బ్రిటెన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీది హెచ్‌ఎన్‌పీ 331 చూడండి, రెండూ ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతం గుర్తులే. డీలరు ఒక మూల, రిజిస్ట్రేషన్ ఇంకో మూల ఉంటే ఎందుకో తేలేదాకా ముందుకు పోకండి.

స్వాన్సీలో వాహనాల రిజిస్ట్రేషన్ కేంద్ర కార్యాలయం రాకముందు రిజిస్టర్లు స్థానిక కౌన్సిళ్ల దగ్గర ఉండేవి. 1970లలో వాటిని అక్కడికి మార్చడం మొదలైంది, 1983లో ముగించారు. షెడ్లలో మూలపడి ఉన్న బళ్ల వివరాలు ఎవరూ పంపలేదు, అవి లెక్కలోంచి జారిపోయాయి. ట్రయల్స్ బళ్ల విషయంలో ఈ నష్టం మరీ ఎక్కువ. 1960ల మధ్యలో తేలికైన స్పానిష్ టూ స్ట్రోకులు వచ్చాక బరువైన ఫోర్ స్ట్రోకులు పొలాలకో, పిల్లల చేతికో పోయాయి. పన్ను కట్టలేదు కాబట్టి కాగితమూ పుట్టలేదు. చరిత్రలో ఖాళీ దాదాపు ఎప్పుడూ ఇక్కడే పడుతుంది.

మిగిలిన కౌన్సిల్ రిజిస్టర్లు కొన్ని కౌంటీ రికార్డు ఆఫీసుల్లోనూ, కొన్ని డ్రాయిట్‌విచ్‌లోని కిట్‌హెడ్ ట్రస్ట్‌లోనూ ఉన్నాయి. దొరికితే మీ వరస ఫోటో తీసి, ఫ్రేమ్ నంబరు సరిపోయిందో లేదో అక్కడే చూసుకోండి. నంబరు పోగొట్టుకున్న బండికి అదే ఆధారంగా వీ765 పథకం కింద పాత నంబరు తిరిగి అడగొచ్చు. బండి పాత యజమానుల వివరాలు స్వాన్సీని అడిగే వీ888 ఫారం మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. సరైన కారణం చూపితేనే వివరాలిస్తారు, చరిత్ర మీద మక్కువ అంత బలమైన కారణం కాదు.

బండితోపాటు పాత బఫ్ (లేత గోధుమ) రంగు లాగ్‌బుక్, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం, వస్తే అది బంగారమే. యజమాని మారిన ప్రతిసారీ పేరు, చిరునామా, కౌన్సిల్ ముద్ర పడతాయి. కానీ పుస్తకం నిండితే కొత్తది ఇచ్చేవారు. మొదటి రిజిస్ట్రేషన్ తేదీకీ, పుస్తకంలో మొదటి ముద్రకూ మధ్య ఏళ్లు గడిచి ఉంటే, ముందు పుస్తకం ఒకటి పోయిందన్నమాట. అందులో కనబడే మొదటి పేరును మొదటి యజమాని అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. 1960 నుంచి వచ్చిన ఎంఓటీ (బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో చూసే) పరీక్ష కాగితాలూ పారేయకండి, గ్యారేజీ ముద్రను బట్టి బండి ఏ ఊళ్లో తిరిగిందో తెలుస్తుంది.

పోటీల కార్యక్రమ పత్రాల్లో రైడరు పేరు, పోటీ నంబరు, బండి పేరు, సీసీ ఉంటాయి. ఫోర్ట్ విలియంలో జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ పత్రాలు ముందు చూడండి. అప్పటి వారపత్రికల ఫోటోల్లో రిజిస్ట్రేషన్ ప్లేటూ, పోటీ నంబరూ కలిసి కనబడితే మనిషీ బండీ ఒక్కసారే దొరుకుతారు.

పాత యజమాని బతికి ఉన్నాడని తెలిస్తే క్లబ్ కార్యదర్శి ద్వారా ఉత్తరం పంపండి, చిరునామా రాసిన స్టాంపు కవరు జతచేయండి. మీ దగ్గరున్న ఫోటో, ఫ్రేమ్ నంబరు ముందే చూపించకండి. ట్యాంకు ఏ రంగు, ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపారా, ఏ భాగాలు విప్పి దాచుకున్నారు అని అడగండి. చూపిస్తే పెద్దమనిషి మర్యాదకైనా "అదే, అదే" అంటాడు. ఆయన చెప్పింది తేదీ వేసి ఆయన మాటల్లోనే రాసుకుని, తర్వాత ఫ్రేమ్ మీది పాత వెల్డింగు మచ్చలతో పోల్చి చూడండి.