తెలియని కొండదారుల్లో గ్రావెల్ రైడ్: ముందే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

సైకిలు మీద తారు రోడ్డులో అరవై కిలోమీటర్లు ఒక పూట పని. అదే అరవై కంకర దారిలో, కొండల్లో, అందులోనూ ఎన్నడూ తిరగని చోట అయితే, ఆలస్యంగా బయల్దేరినవాళ్లకు దారిలోనే చీకటి పడుతుంది. అందుకే ప్లాన్ వేసేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా ఎన్ని గంటలు అని అడగాలి. గ్రావెల్ రైడ్‌కి, అంటే కంకర, మట్టి దారుల్లో చేసే సైకిలు ప్రయాణానికి, గంటలే అసలైన కొలత.

1. గంటల లెక్క వేయండి

మొత్తం ఎక్కుడును, అంటే దారి పొడవునా పైకి ఎక్కే మీటర్లన్నీ కలిపి, దూరంతో భాగించి చూడండి. కిలోమీటరుకు సగటున 10 మీటర్లు వస్తే ఎగుడుదిగుడు నేల. 20 వచ్చిందంటే గట్టి కొండదారి.

మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకుందాం. 150 వాట్ల బలంతో నిలకడగా తొక్కితే, ఆ బలమంతా పైకి ఎక్కడానికే ఖర్చయినా గంటకు 600 మీటర్ల ఎత్తుకు మించి ఎక్కలేం. కంకర తినేసే బలాన్ని తీసేస్తే మిగిలేది 400 చిల్లరే. నేను వాడే లెక్క ఇది: ప్రతి 18 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. కొండల్లో నడిచేవాళ్ల కోసం 1892లో విలియం నెయిస్మిత్ చెప్పిన సూత్రం కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది. ఆయనా సుమారు 600 మీటర్ల ఎక్కుడుకే అదనంగా ఒక గంట వేశాడు.

ఈ లెక్కన 60 కిలోమీటర్లు, 1200 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి తొక్కే సమయం ఐదు గంటల పైచిలుకు. గేట్లు తెరవడం, నీళ్లు పట్టుకోవడం, దారి చూసుకోవడం, కాసేపు నిలబడి లోయను చూడటం, వీటికి మరో పావు వంతు కలపండి. ఆరున్నర గంటలు దాటుతుంది. అంకెలు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి రెండు మూడు రైడ్ల తర్వాత మీ 18ని, మీ 600ని మీరే సరిచేసుకోండి.

2. దారి ఏ రకమో ఇంట్లోనే చదవండి

ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. ‘గ్రావెల్’ అన్న ఒక్క మాట కింద చాలా రకాల నేలలున్నాయి. ఇటలీలోని టస్కనీ తెల్లటి కంకర దారులూ గ్రావెలే, టైరు పక్కగోడలను కోసేసే చెకుముకి రాళ్లున్న అమెరికాలోని కాన్సస్ ఫ్లింట్ హిల్స్ దారులూ గ్రావెలే.

దారి గీసిచ్చే యాప్‌లు (రూట్ ప్లానర్లు) చాలావరకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ సమాచారం మీద నడుస్తాయి. అందులో బండ్ల బాటలకు 1 నుంచి 5 వరకు గ్రేడ్ ఇస్తారు. 1 అంటే గట్టిగా చదును చేసిన దారి, 5 అంటే మెత్తటి మట్టి, గడ్డి. మొదటి మూడు గ్రేడ్లు ఎండాకాలంలో గ్రావెల్ సైకిలుకు సాధారణంగా సాగుతాయి. 4, 5 ఉన్నచోట నడిపించుకుంటూ వెళ్లాల్సి రావచ్చు కాబట్టి లెక్కలో గంటలు పెంచండి. గ్రేడే రాయని దారిని మంచిదారి అనుకోవద్దు. అది ఎవరూ చూసి రాయని దారి, అంతే.

తర్వాత శాటిలైట్ ఫొటో తెరిచి మొత్తం దారిని వేలితో అనుసరించండి. రెండు పాయలుగా తెల్లగా కనిపిస్తే బండ్లు తిరుగుతున్నాయని అర్థం. మధ్యలో పచ్చగా గడ్డి ఉంటే రాకపోకలు తక్కువ. గీత చెట్ల కింద మాయమై అవతల ఎక్కడా తేలకపోతే ఆ ముక్కను వదిలేయడమే మేలు. స్ట్రావా యాప్ వాడేవాళ్లు ఎక్కువగా తిరిగిన దారులను మెరిపించి చూపే హీట్‌మ్యాప్ మంచి సాక్షి, కాకపోతే సైకిళ్ల పొర మాత్రమే పెట్టి చూడండి. అన్ని పొరలూ కలిపి చూస్తే నడిచేవాళ్లు ఎక్కగలిగిన మెట్లు కూడా దారిలాగే మెరుస్తాయి. ఫొటో ఏ కాలంలో తీసిందో గుర్తుపెట్టుకోండి. ఎండలో గట్టిగా ఉన్న బంకమట్టి ఒక్క వాన పడితే చక్రానికీ దాన్ని పట్టి ఉంచే ఫోర్కుకీ మధ్య పేరుకుని సైకిలును కదలనివ్వదు.

మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన వెళ్లే హక్కు ఉన్నట్టు కాదు. సొంత భూములు, అడవి మూసే రోజులు, వేట కాలం, చెట్లు కొట్టే పనులు ఉంటాయి. స్థానిక నియమాలు ముందే చూసుకోండి. మూసి ఉన్న గేటును దాటాక మళ్లీ మూయండి, తెరిచి ఉన్నదాన్ని అలాగే వదిలేయండి.

3. ఏటవాలును అనుమానించండి

1:50,000 మ్యాప్‌లో కాంటూర్ గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు అనుకుందాం. రెండు గీతలు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే నేల మీద అది 100 మీటర్లు, అంటే 20 శాతం ఏటవాలు. వదులు కంకర మీద అది చాలామందికి దిగి నడిచే చోటు. యాప్‌లు చూపించే ఎత్తుల గ్రాఫ్ కొండను నున్నగా దిద్దేస్తుంది. 2000 సంవత్సరంలో అంతరిక్ష నౌక నుంచి కొలిచిన ఎత్తులను చాలాచోట్ల ఇప్పటికీ వాడుతున్నారు. వాటిలో ఒక్కో బిందువుకు మధ్య దూరం దాదాపు 30 మీటర్లు. చిన్న నిటారు ముక్కలు ఆ సందుల్లో దాక్కుంటాయి. గ్రాఫ్ 12 శాతం అంటే మధ్యలో అంతకంటే నిలువైన చోట్లుంటాయని సిద్ధపడండి.

గేర్లూ చూసుకోండి. పెడల్ దగ్గరి పళ్లచక్రానికీ వెనక చక్రం దగ్గరిదానికీ పళ్లు సమానంగా ఉన్న గేరులో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే వేగం గంటకు దాదాపు 8 కిలోమీటర్లు. నిటారు కంకర దారి మీద చాలామంది అంత వేగంగా ఎక్కలేరు. కాబట్టి అంతకంటే తేలికైన గేరు ఉండాలి. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది. ఎక్కుడంతా కూర్చునే సాగించాల్సి ఉంటుంది.

4. తప్పుకునే దారులు గుర్తించండి

కష్టమైన ఎక్కుడు మొదటి సగంలో రావాలి, వెనక్కి వచ్చేది వీలైతే తారు దారిలో. ప్రతి 10, 15 కిలోమీటర్లకు కింద లోయ రోడ్డుకు దిగే దారి ఒకటి వెతికి, మ్యాప్‌లో గుర్తు పెట్టండి. అది దిగే దారై ఉండాలి. అలసిపోయాక మరో కొండ ఎక్కించేది తప్పుకునే దారి కాదు. ఊరు పూర్తిగా కొత్తదైతే మొదటి రోజు 25 కిలోమీటర్ల చిన్న చుట్టుతో సరిపెట్టుకోండి. అక్కడి రాళ్లూ గ్రేడ్లూ ఎలా ఉంటాయో ఆ ఒక్క రైడ్ చెబుతుంది.

5. సామాను, నీళ్లు, వాతావరణం

40–45 మిల్లీమీటర్ల టైర్లు రకరకాల నేలకు నప్పుతాయి. ట్యూబ్‌లెస్ అయినా ఒక ట్యూబు, కోసుకుపోయిన టైరు లోపల పెట్టే అతుకు, చైను లింకు, మీ సైకిలుకు సరిపోయే డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు బిగించే చిన్న ముక్క) పెట్టుకోండి. బ్రేకు ప్యాడ్లు బయల్దేరేముందే చూడాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు లెక్కేసి, దారిలో నీరు దొరికే చోట్లు ముందే గుర్తించండి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. చెమటతో తడిసి శిఖరం నుంచి దిగేటప్పుడు గాలి ఆపే జాకెట్ తప్పనిసరి. మంచు కరిగి వచ్చే వాగులు సాయంత్రానికి ఉబ్బుతాయి, వాటిని ఉదయమే దాటేలా ప్లాన్ చేయండి.

జీపీఎక్స్ ఫైలు (మీరు గీసుకున్న దారి ఉండే ఫైలు), ఆఫ్‌లైన్ మ్యాప్ రెండు పరికరాల్లో ఉంచండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఎన్ని గంటలు దాటినా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో ఒకరికి చెప్పండి. చాలా దేశాల్లో 112 అత్యవసర నంబరుగా పనిచేస్తుంది. అయినా వెళ్లే చోటి నంబరు రాసుకోండి.

6. దారిలో లెక్క సరిచూసుకోండి

మొదటి రెండు గంటలు పూర్తవగానే ఆగి, ఆ సమయానికి చేరాలనుకున్న చోటును నిజంగా ఉన్న చోటుతో పోల్చండి. పావు వంతు వెనకబడితే మిగతా దారీ అలాగే ఉంటుందనుకోవాలి. అప్పుడు మీ గంటలను మళ్లీ లెక్కేయండి. చీకటికి గంట ముందు ఇల్లు చేరేలా లేకపోతే, మ్యాప్‌లో గుర్తు పెట్టిన తర్వాతి దిగుడు దారిలో లోయకు మళ్లండి.