యూనివర్సిటీ పోస్టుకు అప్లై చేస్తే ‘నాట్ ఎలిజిబుల్’ అని వచ్చిందా?

స్క్రీనింగ్ జాబితాలో పేరు పక్కన ఆ మాట కనబడగానే గుండె జారిపోతుంది. ముందు రిమార్క్స్ కాలమ్ చదవండి. ఏం చేయాలో అక్కడున్న ముక్కను బట్టే తేలుతుంది.

అనుభవం చాలదన్నారు

ఎక్కువమందిని బాధపెట్టేది ఇదే. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్‌కు 8 ఏళ్లు, ప్రొఫెసర్‌కు 10 ఏళ్ల అనుభవం కావాలి. కాంట్రాక్టు సర్వీసును లెక్కించాలంటే అప్పటికే మీకు పూర్తి అర్హతలుండాలి, సెలక్షన్ కమిటీ ద్వారా చేరి ఉండాలి, మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ జీతానికి తగ్గకూడదు. చాలామంది ఈ మూడో షరతు దగ్గరే ఆగిపోతారు. అవే పాఠాలు చెప్పినా జీతం తక్కువ ఇచ్చారని ఆ ఏళ్లను పక్కన పెట్టడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

షరతులకు సరిపోయే సర్వీసు ఉండీ తిరస్కరించారంటే లోపం సర్టిఫికెట్లో ఉండొచ్చు. ‘మా దగ్గర పనిచేశారు’ అని రెండు లైన్లు రాసిచ్చింది పనికిరాదు. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, జీతం, ఎంపికైన విధానం అన్నీ రాయించుకోండి. నియామక ఉత్తర్వు జత చేయండి. పీహెచ్‌డీ కోసం సెలవు పెట్టిన కాలం అనుభవం కిందికి రాదు; సెలవు పెట్టకుండా పాఠాలు చెబుతూ చేసి ఉంటే వస్తుంది. ఆ సంగతి కూడా సర్టిఫికెట్లో ఉండాలి. జీతం షరతే దాటలేకపోతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు చూసుకోండి. దానికి అనుభవం తప్పనిసరి కాదు.

రిజర్వేషన్ ఒప్పుకోలేదు

కేంద్రీయ విశ్వవిద్యాలయానికి బీసీ-ఏ, బీసీ-డీ అని రాష్ట్రం ఇచ్చిన కులపత్రం పెడితే సరిపోదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కాదనే) పత్రం కేంద్ర ఫార్మాట్‌లో ఉండాలి. మీసేవలో దరఖాస్తు చేసేటప్పుడే ఈ మాట స్పష్టంగా చెప్పండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) పత్రమైతే ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోండి. చివరి తేదీ దాటాక తెచ్చిన పత్రాన్ని సాధారణంగా తీసుకోరు, కాబట్టి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ముందే తీసి పెట్టుకోండి.

పీజీలో 55 శాతం లేదన్నారు

సీజీపీఏను (గ్రేడ్ పాయింట్ల సగటును) మీకు తోచినట్టు పదితో గుణించి వేసి ఉంటారు. డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం నుంచే, దాన్ని శాతంలోకి మార్చి చూపే కన్వర్షన్ సర్టిఫికెట్ తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది.

ఫీజు కట్ అయింది, స్టేటస్ పెండింగ్

టెన్షన్‌లో వెంటనే రెండోసారి కట్టకండి. ట్రాన్సాక్షన్ నంబరు రాసుకుని, కాసేపాగి పోర్టల్‌లో మళ్లీ చూడండి. చివరి రోజు దాకా ఆగితే ఈ కాసేపు కూడా దొరకదు.

ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) లేదన్నారు

ప్రభుత్వ సంస్థలో ఉద్యోగం చేస్తున్నవారికి ఇది వస్తుంది. ఆఫీసులో ఫైలు కదలడానికి రోజులు పడుతుంది కాబట్టి అప్లై చేసిన రోజే దరఖాస్తు అడ్వాన్స్ కాపీని నేరుగా యూనివర్సిటీకి పంపి, అదే రోజు మీ ఆఫీసులో ఎన్ఓసీకి అర్జీ పెట్టండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా తిరస్కరించారు

అభ్యంతరాలకు గడువిస్తే ఆ లోపే ఈమెయిల్ పంపండి. ఆవేదన రాయకండి, దరఖాస్తు నంబరు, వాళ్ల రిమార్క్, దానికి జవాబిచ్చే పత్రం మీ దరఖాస్తులో ఏ పేజీలో ఉందో రాస్తే చాలు. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం, 2005 కింద స్క్రీనింగ్ కమిటీ మీ దరఖాస్తుపై ఏం రాసిందో కాపీ అడగండి. కేంద్రీయ విశ్వవిద్యాలయమైతే ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.