వూహాన్‌లో యాంగ్జీ వరద రోజులు: జూన్ రాకముందే తెలుసుకోవాల్సినవి

వూహాన్‌కు మెడిసిన్ చదవడానికో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు జూన్ లోపే ఇది చదవండి. జూన్ మధ్య నుంచి జూలై మధ్య దాకా ఇక్కడ ముసురు వదలదు. ఎగువన కురిసిన వాన కూడా వచ్చి చేరి యాంగ్జీ నది పొంగడం మొదలయ్యేది ఆ రోజుల్లోనే.

వార్తల్లో హాంకౌ (వూహాన్‌లోనే నది ఒడ్డున ఉన్న ప్రాంతం) దగ్గర నీటిమట్టం చూస్తుండండి. అక్కడ హెచ్చరిక స్థాయి 27.30 మీటర్లు. 1954లో 29.73, 1998లో 29.43, 2020 జూలైలో 28.77 మీటర్ల దాకా వెళ్లింది. 2020లో కరకట్టలు గట్టిగానే నిలిచాయి. నది ఊరి మీద పడుతుందేమోనని టెన్షన్ వద్దు. నా భయమంతా కట్ట దాటి నీళ్ల దగ్గరికి వెళ్లేవాళ్ల గురించే.

సాయంత్రం చల్లగాలికని హాంకౌ ఒడ్డున ఉన్న పార్కుకు అందరం వెళ్తాం. నీళ్లు బాగా పెరిగితే ఆ పార్కే మునుగుతుంది, గేట్లు మూసేస్తారు. సెల్ఫీ కోసం సందు చూసుకుని లోపలికి దూరకండి. నీళ్లు తీశాక మరీ జాగ్రత్త. ఏటవాలు గట్టు మీద ఒండ్రు పైపైన ఆరినట్టే ఉంటుంది, కాలు పెడితే సర్రున జారుతుంది. పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పెద్ద ఓడ వెళ్లిన కాసేపటికి అలలు మెట్ల మీదికి వస్తాయి, పిల్లల్ని అంచున నిలబెట్టకండి.

ఇక్కడి పెద్దవాళ్లు నడుముకు రంగు రంగుల గాలిబుడగ కట్టుకుని ఈదుతుంటారు. వాళ్లను చూసి దిగకండి. ఎక్కడ దిగితే ఎక్కడ ఒడ్డెక్కవచ్చో వాళ్లకు ఏళ్ల అలవాటు. ఊరి బావిలో నేర్చిన ఈత ఈ వడికి ఆగదు.

ఎవరైనా పడితే దూకొద్దు. నీళ్లలో తేలే లైఫ్‌బాయ్ రింగో, తాడో, ఖాళీ డబ్బానో విసిరి 110కి (పోలీసులు) గానీ 119కి (ఫైర్ సర్వీస్) గానీ ఫోన్ చేయండి. 2009 అక్టోబర్‌లో ఇదే హుబే ప్రావిన్స్‌లోని జింగ్‌జౌలో, మునిగిపోతున్న ఇద్దరు పిల్లల కోసం కాలేజీ విద్యార్థులు చేయీ చేయీ పట్టుకుని యాంగ్జీలోకి దిగారు. పిల్లలు బతికారు, ముగ్గురు విద్యార్థులు పోయారు. అంత మంచి పిల్లలు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కట్టకు ఇవతల ప్రమాదం వేరు. నది నిండుగా ఉన్నప్పుడు ఊళ్లో పడ్డ వాన దానంతటది నదిలోకి పోదు, పంపులతో తోడాలి. అవి అందుకోలేకపోతే వీధులు చెరువులవుతాయి. 2016 జూలైలో ఊళ్లోని నాన్‌హూ సరస్సు వైపు అదే జరిగింది. రెడ్ అలర్ట్ ఉంటే బయటికి వెళ్లొద్దు. అండర్‌పాస్‌లో నీళ్లు కనిపిస్తే వెనక్కి తిరగండి, మ్యాన్‌హోల్ మూత కొట్టుకుపోయినా పైకి తెలియదు. పవర్‌బ్యాంక్, రెండు రోజుల తాగునీళ్లు, చైనీస్‌లో రాసిన హాస్టల్ అడ్రస్ దగ్గర పెట్టుకోండి.