రీసెర్చ్ ప్రాజెక్టుకు డబ్బు రావట్లేదా? ముందు ప్రిన్సిపాల్ గది గోడ చూసి రండి

హనుమకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దగ్గర చాయ్ తాగుతుంటే వారానికి ఒకరైనా ల్యాప్‌టాప్ బ్యాగుతో వచ్చి పక్కన కూర్చుంటారు. "సార్, ప్రపోజల్ మళ్లీ రిజెక్టయింది. ఒక్కసారి చూడండి" అంటారు. నేను ప్రపోజల్ తెరవను. నోటిఫికేషన్ చూపించమంటాను. చాలామంది దగ్గర అది ఉండదు. వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ ఉంటుంది: చివరి తేదీ, లింకు, కింద "అందరికీ షేర్ చేయండి". నలభై పేజీల ప్రపోజల్ రాసే ఓపిక ఉంది కానీ, నోటిఫికేషన్‌లో "ఎవరు అర్హులు" అన్న ఒక్క పేజీ చదివే ఓపిక లేదు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నా.

ఆన్‌లైన్ ఫారం నింపడం, సినాప్సిస్ రాయడం, బడ్జెట్ టేబుల్ వేయడం మీకు వచ్చనే అనుకుంటున్నా. అవి ఇక్కడ చెప్పను.

సమస్య 1: ఎంత వెతికినా నా సబ్జెక్టుకు స్కీమ్ దొరకట్లేదు

పాత పేర్లతో వెతుకుతున్నారు, అంతే. మీ గైడుకు వాళ్ల గైడు చెప్పిన పేరు ఇంకా నడుస్తోంది. కాలేజీ లెక్చరర్లు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) మైనర్ రీసెర్చ్ ప్రాజెక్టు ఎప్పుడు పడుతుందని ఇప్పటికీ అడుగుతారు. అది పన్నెండో పంచవర్ష ప్రణాళిక నాటి ముచ్చట, ఆ ప్రణాళిక 2017 మార్చిలోనే అయిపోయింది. సైన్స్ వాళ్లు ఎస్ఈఆర్‌బీ (సైన్స్ పరిశోధనకు డబ్బు ఇచ్చిన కేంద్ర బోర్డు) అని కొడతారు. 2023లో చేసిన చట్టంతో అది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది, ఇప్పుడు ఏఎన్ఆర్ఎఫ్ అని వెతకాలి. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కొత్తవాళ్లకు ఇవ్వడం 2022-23 నుంచే ఆపేశారు.

స్కీమ్ పేరు పక్కన పెట్టి, డబ్బు ఇచ్చేది ఎవరో చూడండి. సోషల్ సైన్సెస్‌కు ఐసీఎస్ఎస్ఆర్ ఉంది, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉంది. చరిత్రకు ఐసీహెచ్ఆర్, తత్వశాస్త్రానికి ఐసీపీఆర్, వైద్యానికి ఐసీఎంఆర్. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది. మహబూబాబాద్, ములుగు తండాల నుంచి వచ్చిన పిల్లల్లో దీని పేరు కూడా విననివాళ్లు నాకు ఇంకా కనిపిస్తుంటారు.

ఇంకో చిట్కా ఉంది, దీన్ని ఎవరూ వాడరు. పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగలో మీ టాపిక్‌కు దగ్గరగా ఉన్న ఐదారు థీసిస్‌లు తెరిచి, కృతజ్ఞతల పేజీ ఒక్కటి చదవండి. అమ్మానాన్నలకు, గైడుకు దండాలు పెట్టాక, ఫెలోషిప్ ఇచ్చింది ఎవరో కూడా చాలామంది రాస్తారు. జర్నల్ పేపర్లలో అయితే చివర్లో ఫండింగ్ అని విడిగా ఒక లైనే ఉంటుంది. మీలాంటి పనికి డబ్బు ఇచ్చినవాళ్ల జాబితా అక్కడే తయారవుతుంది.

సమస్య 2: స్క్రీనింగ్‌లోనే పోతోంది, ప్రపోజల్ చదివినట్టే లేదు

నిజమే, చదివి ఉండరు. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే నేను కాలు జారింది ఇక్కడే.

కొన్నేళ్ల కింద నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేసేవాణ్ని. వరంగల్ కొత్తవాడ జంపఖానాల నేతగాళ్ల కుటుంబాల మీద ప్రాజెక్టు రాశాను. మూడు నెలలు ఆదివారాలన్నీ మగ్గాల దగ్గరే గడిపాను. ఒక పెద్దాయన మగ్గం ఆపకుండానే నూలు ధర, కూలి, అప్పు లెక్కలన్నీ చెప్తుంటే నోట్‌బుక్ రెండు వైపులా నిండింది. ఇప్పటికీ నేను రాసినవాటిలో అదే మంచి ప్రపోజల్ అనుకుంటాను. పంపిన ఐదు నెలలకు ఒక్క లైను జవాబు వచ్చింది: సంస్థకు అర్హత లేదు.

నాకు అర్థం కాలేదు. మాది యూజీసీ గుర్తింపు ఉన్న కాలేజీ, బోర్డు మీద కూడా అదే రాసి ఉంది. జవాబు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పోయాను. ఆయన కుర్చీ వెనక గోడకు యూజీసీ లేఖ ఫ్రేము కట్టి ఉంది, అద్దం మీద దుమ్ము. ఆరేళ్లు దాని కిందే కూర్చుని మీటింగుల్లో చాయ్ తాగాను. ఆ రోజు కర్చీఫ్‌తో తుడిచి మొదటిసారి చదివాను. సెక్షన్ 2ఎఫ్ అని మాత్రమే ఉంది.

విషయం ఇదీ. 1956 నాటి యూజీసీ చట్టంలో 2ఎఫ్ అనేది నిర్వచనం: ఈ కాలేజీని కాలేజీగా గుర్తించామని చెప్పడం వరకే. కేంద్రం డబ్బు తీసుకోవడానికి అర్హత ఉందని చెప్పేది 12బి. ఇది 1972 సవరణతో వచ్చింది. మొదటిది ఉన్న ప్రతి కాలేజీకీ రెండోది ఉండదు. బోర్డు మీద మాత్రం ఇద్దరూ "యూజీసీ గుర్తింపు" అనే రాసుకుంటారు, అది అబద్ధమూ కాదు. న్యాక్ గ్రేడు (కాలేజీ నాణ్యతకు ఇచ్చేది) వేరు, అటానమస్ వేరు. ఆ రెండూ చూసి 12బి ఉన్నట్టే అనుకోవద్దు. ఐసీఎస్ఎస్ఆర్ లాంటి సంస్థల ప్రాజెక్టు నోటిఫికేషన్లలో ఎవరు అప్లై చేయొచ్చో చెప్పే పేరా మధ్యలో ఈ మాట వస్తుంది. దానికోసమని చూడకపోతే కంటికి ఆనదు.

చూసుకోవడానికి పావుగంట చాలు. కాలేజీ ఆఫీసులో యూజీసీ లేఖ జిరాక్స్ అడగండి. "ఉంది సార్, నేను చూశా" అంటే ఒప్పుకోకండి, కాగితం చేతికి రావాలి. అందులో 12బి అన్న అంకె కనపడాలి. ప్రభుత్వ ఎయిడ్ లేని ప్రైవేటు కాలేజీ అయితే లేఖ కిందివరకూ చదవండి. అధ్యాపకులకు, విద్యార్థులకు సంబంధించిన పథకాలకే సాయం వర్తిస్తుందని ఒక వాక్యం ఉండొచ్చు. ఉన్నా కంగారు పడకండి, కానీ అప్లై చేసే స్కీమ్ ఏ రకమో ఇచ్చే సంస్థను మెయిల్‌లో అడిగి, ఆ జవాబు దాచుకోండి.

లేఖ దొరక్కపోతే యూజీసీ వెబ్‌సైట్‌లో కాలేజీల జాబితా ఉంది, యూనివర్సిటీల వారీగా. మన దగ్గర ఇక్కడ ఇంకో తిరకాసు. హనుమకొండ అని కొట్టి "మా కాలేజీ లేదు సార్" అని ఫోన్ చేస్తారు. 2016లో జిల్లాలు విడగొట్టారు, వరంగల్ అర్బన్ కాస్తా 2021లో హనుమకొండ అయింది. కాలేజీకి లేఖ వచ్చింది అంతకు ముందైతే పాత జాబితాలో జిల్లా వరంగల్ అనే ఉంటుంది. జనగామ, భూపాలపల్లి వాళ్లు కూడా వరంగల్ కిందే చూసుకోవాలి. కరీంనగర్ వాళ్ల సంగతి ఇంకోటి. శాతవాహన యూనివర్సిటీ వచ్చింది 2008లో, అంతకు ముందు గుర్తింపు పొందిన కాలేజీ కాకతీయ కింద కనిపించొచ్చు. నిజామాబాద్‌కు తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చింది, అక్కడి పాత కాలేజీలను ఉస్మానియా కింద వెతకండి. కాలేజీ పేరు మారినా, సొసైటీ మారినా, కొత్త బిల్డింగుకు పోయినా లేఖ మీది పేరుకూ ఇప్పటి పేరుకూ తేడా వస్తుంది. ఆ తేడాకు ఆధారం కాగితం కూడా జత చేయాలి.

12బి లేదని తేలితే? కాలేజీ చేత దానికి అప్లై చేయించొచ్చు, చేయించండి కూడా. కానీ దాన్ని నమ్ముకుని ప్రపోజల్ ఆపకండి, ఆ పని మీ నోటిఫికేషన్ తేదీ చూసుకుని జరగదు. నేను తర్వాత చేసిందే చెప్తా. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో అదే అంశం మీద పనిచేసే ప్రొఫెసర్‌ను పట్టుకున్నాను. ఆయన ప్రాజెక్టు డైరెక్టర్, నేను కో-డైరెక్టర్. ఖాతా, ఆడిట్, ఓవర్‌హెడ్ (ప్రాజెక్టు డబ్బులో సంస్థ వాటా) అన్నీ యూనివర్సిటీవి. కవర్ పేజీ మీద మన పేరు రెండోది అవుతుందని మొదట మనసుకు కష్టంగానే ఉంటుంది. కొత్తవాడ పని ఆగిపోవడం కంటే అది నయం అనిపించింది నాకు. పోయే ముందు ఎవరు ఏ పని చేస్తారో, పేపర్లలో పేర్లు ఏ వరుసలో ఉంటాయో మెయిల్‌లో రాసుకోండి. చాయ్ దగ్గర నోటిమాట చాలదు.

పీహెచ్‌డీ ఫెలోషిప్ అయితే ఈ టెన్షన్ మీకు లేదు. అక్కడ చూసేది మీరు రిజిస్టర్ అయిన యూనివర్సిటీని, ఉద్యోగం చేసే కాలేజీని కాదు. ఎన్ఐటీ కేంద్ర సంస్థ కాబట్టి అక్కడివాళ్లు ఈ భాగమంతా వదిలేయొచ్చు. కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ లెక్చరర్లు మాత్రం ఇంకో మాట వెతకాలి: "రెగ్యులర్ ఫ్యాకల్టీ". అది ఉందంటే పేరు ముందు డాక్టర్ ఉన్నా లాభం లేదు, పైన చెప్పిన దారే మీదీ.

సమస్య 3: సబ్మిట్ చేశా, స్టేటస్ కదలట్లేదు

మీరు సబ్మిట్ నొక్కితే అది మీ కాలేజీ లాగిన్‌లోకి పోయింది, ఢిల్లీకి కాదు. చాలా పోర్టళ్లలో సంస్థ తరఫున నోడల్ ఆఫీసర్ వెరిఫై చేస్తేనే ఫైలు ముందుకు పోతుంది. ఆయనకు మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. గడువుకు వారం ముందే పోయి, పక్కన నిలబడి చేయించండి. పాస్‌వర్డ్ మర్చిపోయాననే మాట ఆఖరి రోజున వినడం కన్నా ఇది మేలు. హార్డ్ కాపీ కూడా అడిగితే రిజిస్ట్రార్ సంతకానికి రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి.

సమస్య 4: శాంక్షన్ అయింది, డబ్బు పడలేదు

ఫెలోషిప్ డీబీటీ (ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే పద్ధతి) ద్వారా అయితే ఆధార్ ఏ బ్యాంకుకు సీడ్ అయి ఉందో చూడండి. ఖాతాకు ఆధార్ లింక్ ఉండటం వేరు, సీడింగ్ (ప్రభుత్వ డబ్బు పడాల్సిన ఖాతాగా ఆధార్‌కు ముడిపెట్టడం) వేరు. డబ్బు చివరగా సీడ్ చేసిన ఖాతాలోకి పోతుంది. ఎప్పుడో సిమ్ కార్డుతో పాటు తెరిచిన ఖాతాలో నెలల తరబడి డబ్బు పడి ఉండటం నేను చూశాను. ఆ అబ్బాయి అప్పటికే ఢిల్లీకి మూడు ఫిర్యాదులు పెట్టాడు.

ప్రాజెక్టు రెండో విడత ఆగితే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (మొదటి విడత డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే పత్రం) పంపారో లేదో అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి. ఇంకేం వెతకక్కర్లేదు.

ఇక మిగిలినవి: రివ్యూయర్‌కు మనమంటే పడదు, లాబీయింగ్ ఉంటేనే ఇస్తారు, తెలంగాణ వాళ్లకు ఇవ్వరు, ఇంగ్లీషు బాలేదు. ఇవి ఎప్పుడో ఒకసారి నిజం కావచ్చు. నా దగ్గరికి వచ్చిన కేసుల్లో మాత్రం ఇక్కడిదాకా రావాల్సిన అవసరం దాదాపుగా పడలేదు. లేఖ జిరాక్స్ తెచ్చాక అప్పుడు ప్రపోజల్ తెరుద్దాం.