ప్రయాణ సమయాన్నీ లెక్కలో వేసుకోండి

అమెరికా కాలేజీల్లో టెన్నిస్ ఆడబోయే పిల్లలకు, వారి కోచ్‌లకు ఒక చిట్కా. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ డివిజన్ 1 (పై స్థాయి పోటీల) నిబంధనల ప్రకారం సీజన్‌లో ప్రాక్టీసు, మ్యాచ్‌లు కలిపి వారానికి 20 గంటలు మించకూడదు. అయితే మ్యాచ్ రోజు ఎంతసేపు ఆడినా 3 గంటలుగానే లెక్కిస్తారు. ప్రయాణం అసలు లెక్కలోకే రాదు. చదువు దెబ్బతినేది అక్కడే! అందుకే సెమిస్టర్ మొదటి వారంలోనే మ్యాచ్‌ల తేదీలు, ప్రతి కోర్సుకూ ఇచ్చే సిలబస్ కాగితంలోని పరీక్షల తేదీలు ఒకే కాగితం మీద రాసి, రెండూ ఒకేసారి పడిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసర్‌ను కలవాల్సింది విద్యార్థే, కోచ్ కాదు. ముందుగా అడిగితే మరో రోజు పరీక్ష పెట్టే అవకాశం ఎక్కువ. ల్యాబ్ ఉన్న కోర్సులను మాత్రం మ్యాచ్‌లు జోరుగా సాగే స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యే) సెమిస్టర్‌లో కాకుండా ఫాల్ (ఆగస్టు చివర్లో మొదలయ్యే) సెమిస్టర్‌లోనే పూర్తిచేయించండి.