లోయను చదవడం – 4వ పాఠం: ఇది వాగు కోసిందా, గనివాళ్లు కోశారా?

వాలు లెక్క కట్టడం పోయిన పాఠంలో అయింది. ఆ లెక్కతోనే ఇప్పుడు మధ్య వేల్స్‌లోని కుమస్ట్విత్ లోయకు, కోపా కొండకు వెళ్దాం. ఇక్కడ ఉన్నది సిలూరియన్ కాలపు మట్టిరాయి, ఇసుకరాయి పొరలు. వాటి పగుళ్లలో సీసం, జింకు, కొంత రాగి ఖనిజాలు చారలుగా పేరుకున్నాయి. రాగి కోసం సుమారు 4,000 ఏళ్ల కిందటే తవ్వారు. సీసం తవ్వకాలైతే 20వ శతాబ్దం దాకా సాగాయి.

సీసం గనివాళ్లు కొండపైన మట్టికట్ట వేసి నీళ్లు నింపి, ఒక్కసారిగా గండి కొట్టేవాళ్లు. పైమన్ను కొట్టుకుపోయి ఖనిజపు చార బయటపడేది. ఈ పనిని హషింగ్ అంటారు. అలా పడిన గాడి దూరం నుంచి అచ్చం వాగులాగే ఉంటుంది.

తేడా పట్టాలంటే గాడి పై కొస నుంచి మొదలుపెట్టండి. వాగుకు పైన నీళ్లు చేరే పల్లం ఉంటుంది, సన్నగా మొదలై కిందికి వెడల్పవుతుంది. హష్ గాడి వట్టి వాలు మీద, ఉన్నట్టుండి, మొదట్లోనే లోతుగా మొదలవుతుంది. దాని నెత్తిన పాత చెరువుకట్ట ఆనవాలు, ఆ చెరువుకు వచ్చే పిల్లకాలువ గాడి వెతకండి.

పిల్లకాలువ అనుకుని గొర్రెలబాటను గీసేయడం అందరూ చేసే పొరపాటే. 1:25,000 మ్యాపులో 4 సెంటీమీటర్లు 1 కిలోమీటరు. గీత 8 సెంటీమీటర్లు సాగి 10 మీటర్లే దిగితే వాలు 200కి 1, కాలువ కావచ్చు. మధ్యలో ఒక్కచోట ఎక్కినా కొట్టేయండి, నీళ్లు ఎదురెక్కవు. గొర్రెలకు ఆ పట్టింపు లేదు.

వేల్స్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే లైడార్ చిత్రంలో (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తుపల్లాలు కొలిచి చేసింది) ఇంకో చిక్కుంది. నీడల చిత్రానికి వెలుగు మామూలుగా వాయవ్యం నుంచి పెడతారు. ఆ దిక్కుకే సాగే గాడికి నీడ పడదు, కనుక కనబడదు. వెలుగును 45 డిగ్రీల చొప్పున తిప్పి నాలుగుసార్లు చూడాలి.

రాగి తవ్వినవాళ్ల గుర్తు చాలా చిన్నది: గుండ్రాయి. కొండరాయి పలకలుగా, పదునైన అంచులతో విరుగుతుంది. ఆ రాళ్లగుట్టలో నున్నటి గుండ్రాయి కనిపిస్తే కొసలు చూడండి. పెచ్చులు లేచి, నడుమన పిడి కట్టడానికి చెక్కిన చిన్న గాటు ఉంటే అది సుత్తిరాయి. ఇలాంటివి చాలావరకు 20 కిలోమీటర్లకు పైగా దూరంలోని సముద్రతీరం నుంచి మోసుకొచ్చినవి. గుండ్రంగా ఉంటే చాలదు, హిమనదం దొర్లించిన రాళ్లూ అలాగే ఉంటాయి.

ఫొటో తీసుకుని, రాయిని అక్కడే వదిలేయండి. ఇది చట్టరక్షణ ఉన్న స్థలం. గడ్డి మొలవని బూడిదరంగు కుప్పల్లో సీసం ఉంటుంది, తిండికి ముందు చేతులు కడగాలి. సొరంగాల్లోకి అసలు వెళ్లొద్దు.

అభ్యాసం: లైడార్‌లో మూడు గాడులు ఎంచి, ఒక్కోదానికి ఉన్నట్టుండి లోతుగా మొదలయ్యే పై కొస, పిల్లకాలువ, కింద పరుచుకున్న రాళ్లమేట ఉన్నాయో లేదో రాయండి. మూడూ దొరికితేనే హష్ అని గుర్తు పెట్టండి; రెండే దొరికితే పక్కన ప్రశ్నార్థకం వేయండి. కాలం మాత్రం రాయొద్దు. రోమన్లూ ఈ పద్ధతి వాడారు, 18వ శతాబ్దపువాళ్లూ వాడారు. గాడి ఆకారం చూసి ఎవరిదో చెప్పలేం.